మూతబడిన మందిరాన్ని తెరిచిన అక్కచెల్లెళ్లు

గాంధీగారు లండన్‌లో పేదల పేటలో బస చేశారని మనం చాలాసార్లు విన్నాం. ఆయన దిగిన ఇల్లు ఎవరిదో, అది ఎలా పుట్టిందో మాత్రం మన సంఘాల్లో తెలిసినవారు తక్కువ.

తూర్పు లండన్‌లోని బో పేటలో ఆ రోజుల్లో ఫ్యాక్టరీ కూలీలు ఇరుకిళ్లలో కాపురముండేవారు. వాడుక లేక మూతబడిన ఒక పాత ప్రార్థనామందిరాన్ని 1915లో మ్యూరియల్, డోరిస్ లెస్టర్ అనే అక్కచెల్లెళ్లు అక్కడ తిరిగి తెరిచారు. వారిది కలిగిన బాప్టిస్టు కుటుంబం. 1914లో చనిపోయిన తమ్ముడు కింగ్స్‌లీ జ్ఞాపకార్థం దానికి కింగ్స్‌లీ హాల్ అని పేరు పెట్టారు.

ఆదివారం ఆరాధన జరిగేది. మిగతా రోజుల్లోనూ తలుపులు మూయలేదు. పని నుంచి అలసి వచ్చినవారు కూర్చుని కబుర్లు చెప్పుకోవడానికి, చదువుకోవడానికి అది చోటు. ఒక్కమాటలో, తాగుడు లేని కల్లుదుకాణం! మిషనరీలు కట్టిన మన మందిరాల్లో ఎన్నింటికి ఆదివారం మధ్యాహ్నానికే తాళం పడుతుందో తలచుకుంటే ఈ సంగతి కాస్త గుచ్చుకుంటుంది. చుట్టుపక్కల పిల్లల కోసం 1923లో వేరే భవనం కూడా కట్టారు.

పాత మందిరం చాలక 1928లో పోవిస్ రోడ్డులో కొత్త హాలు కట్టారు. మేడమీద పరిచారకులకు చిన్న చిన్న గదులు. మ్యూరియల్ 1926లోనే సబర్మతి వెళ్లి గాంధీగారిని కలిశారు. ఆ పరిచయంతోనే 1931 రౌండ్ టేబుల్ సమావేశానికి వచ్చినప్పుడు ఆయన హోటళ్లు కాదని ఈ గదుల్లో ఒకదానిలో దిగారు. సెప్టెంబరు 12 నుంచి డిసెంబరు మొదటి వారం దాకా ఉన్నారు. తెల్లవారకముందే ఆ వీధుల్లో నడిచేవారు. ఆయన పుట్టినరోజుకు పేటలోని పిల్లలు ఉన్నిబొమ్మ కుక్కలు, చిన్న కొవ్వొత్తులు కానుకగా ఇచ్చారు.

తర్వాతి చరిత్ర అంత సాఫీగా లేదు. 1965 నుంచి 1970 వరకు మానసిక వైద్యుడు ఆర్. డి. లైంగ్ అక్కడ మానసిక రోగులను తాళాలు లేకుండా ఉంచే ప్రయోగం చేశారు. ఇరుగుపొరుగు మండిపడ్డారు, కిటికీ అద్దాలు పగిలాయి. కొంతకాలం పాడుబడి, 1980లలో బాగుపడింది. నేడది పేట ప్రజల సామాజిక కేంద్రం. మేడమీద గాంధీగారి గదిని అలాగే కాపాడుతున్నారు.