ఈ దారికి టైటిల్ కార్డు లేదు

ఫిల్మ్‌నగర్‌లో సినిమా ఆడిందంటే చాలు, ఆ కథ ముందు ఎవరికి తట్టిందన్న తగవు వెంటే వస్తుంది. నల్లమల మీదుగా శ్రీశైలం వెళ్లే కాలిబాట విషయంలో ఆ తగవుకు తావే లేదు. అమెరికాలోని అపలాచియన్ ట్రెయిల్ ఎలా మొదలైందంటే ఠక్కున చెప్పొచ్చు: 1921లో బెంటన్ మెకాయ్ వ్యాసం రాశాడు, 1937కల్లా బాట పూర్తయింది. మన బాటకు వ్యాసమూ లేదు, ప్లానూ లేదు. జనం నడిచారు, దారి పడింది.

ఆత్మకూరు దాటి వెంకటాపురం దగ్గర అడవిలో అడుగుపెడితే నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా మల్లన్న గుడికి దాదాపు 40 కిలోమీటర్లు. శ్రీశైలానికి ఇలాంటి దారులు ఇంకా ఉన్నాయి గానీ జనం నోట్లో ఎక్కువగా నానేది ఇదే. 12వ శతాబ్దంలో శివభక్తురాలు అక్కమహాదేవి కన్నడ దేశం నుంచి శ్రీశైలం చేరింది. 13వ శతాబ్దంలో పాల్కురికి సోమనాథుడు ‘పండితారాధ్య చరిత్ర’లో పర్వత ప్రకరణమని ఏకంగా ఒక భాగమే పెట్టి, శివరాత్రికి కొండెక్కే జనాన్ని కళ్లకు కట్టాడు. పేరున్న రాజులు మెట్లు వేయించక ముందే అక్కడ యాత్రికుల సందడి ఉందన్నమాట.

14వ శతాబ్దంలో రెడ్డిరాజు ప్రోలయ వేముడు శ్రీశైలానికీ, అహోబిలానికీ మెట్లు కట్టించాడు. ఆ శతాబ్దం చివర్లో విజయనగర రాణి విఠలాంబ పాతాళగంగకు మెట్లు వేయించింది. అడవి బాటలో మాత్రం పొడుగునా మెట్లు కనిపించవు. కాలు నిలవని చోటే రాయి పడింది. భీముని కొలను దగ్గర లోయలోకి దిగాలి, మళ్లీ ఎదురుగా కైలాసద్వారం దాకా ఎక్కాలి. ‘ఓం నమశ్శివాయ’ అని గొంతెత్తి మొదలెట్టినవాళ్లు సగం మెట్లకే మాట మానేస్తారు. చంకలో పిల్లాడు, నెత్తిన మూట, చేతిలో కర్ర. ఊపిరి తీసుకోవడానికే ఓపిక సరిపోదు.

శాసనాలకెక్కింది రాజుల పేర్లు. అడవిలో ఏ మూల నీళ్లున్నాయో తెలిసింది చెంచులకు. వాళ్లకు శివుడు చెంచు మల్లయ్య, ఇంటల్లుడు. కన్నడిగులకేమో ఇక్కడి అమ్మవారు భ్రమరాంబ సొంత ఆడపడుచు. ఉగాదికి ఆడపడుచును చూసి రావాలని ఉత్తర కర్ణాటక నుంచి వందల కిలోమీటర్లు నడిచి వస్తారు, కొందరైతే కర్రకాళ్ల మీద. ఇన్ని వందల ఏళ్లు ఈ బాట మీద గడ్డి మొలవనీయనిది ఈ చుట్టరికమే అంటాను. రాజుల మెట్లు దానికి సాయం మాత్రమే.

ఘాట్‌రోడ్డు పడి, బస్సులు వచ్చాక ఈ బాట మాసిపోవాల్సిందే. కానీ నడిచి వస్తానని మొక్కుకున్నవాళ్లకు బస్సెక్కితే మొక్కు తీరదు కదా!

1983లో ఈ అడవి పులుల అభయారణ్యమైంది. ఇప్పుడు శివరాత్రికీ, ఉగాదికీ అటవీశాఖ దారి తెరుస్తుంది. ఆ కొద్ది రోజులూ నీళ్ల ట్యాంకులు, మజ్జిగ, అన్నదానాలతో బాటంతా తిరునాళ్లే. ప్లాస్టిక్ తేవద్దని ఏటా గట్టిగానే చెబుతారు. వినేవాళ్లే తక్కువ.