తైచీ పుస్తకాల్లో గట్టివేవి, తాలువేవి?

తైచీ మీద పుస్తకం కొనేవారు సాధారణంగా బొమ్మలు చూస్తారు, ధర చూస్తారు. ముందు చూడాల్సింది చరిత్ర అధ్యాయమని నా అభిప్రాయం. అక్కడ రచయిత ఆధారాలను ఎలా వాడుకున్నాడో గమనిస్తే, ఆరోగ్యం గురించీ ప్రాణశక్తి గురించీ అతను చెప్పేదాన్ని ఎంతవరకు నమ్మవచ్చో చాలావరకు తేలిపోతుంది. పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల పాఠకులకు ఈ పరీక్ష మరీ అవసరం. కారణం బోధిధర్ముడు.

దక్షిణ భారతం నుంచి వెళ్ళిన బోధిధర్ముడు షావోలిన్ మఠంలో సన్యాసులకు యుద్ధవిద్య నేర్పాడని, చైనా విద్యలన్నిటికీ అదే మూలమని ఎన్నో పుస్తకాలు మొదటి పేజీల్లోనే చెప్పేస్తాయి. 2011లో సూర్య నటించిన 'సెవెంత్ సెన్స్' వచ్చాక ఆ కథ మన ఇళ్ళలోకీ చేరింది. గోదావరి ఒడ్డున పెరిగినవాళ్ళకు దాన్ని నమ్మాలని అనిపించడం సహజమే. పెద్దపల్లి జిల్లా ధూళికట్టలో బౌద్ధ స్తూపం ఉంది. జగిత్యాల జిల్లా కోటిలింగాలలో తొలి శాతవాహనుల నాణేలు దొరికాయి. పాలీ గ్రంథం సుత్తనిపాతంలో కనిపించే బావరి ఆశ్రమం నిర్మల్ జిల్లా బాదనకుర్తి దగ్గర ఉండేదని కొందరు పండితుల అభిప్రాయం. ఈ నేలలో బౌద్ధం వేళ్ళూనుకున్న మాట నిజమే. అయితే యుద్ధవిద్య కూడా ఇటునుంచే వెళ్ళిందనడానికి ఆ స్తూపమూ నాణేలూ సాక్ష్యం చెప్పవు.

చైనా పత్రాలు ఇంకా స్పష్టంగా ఉన్నాయి. బోధిధర్ముడి పేరు మొదట కనిపించేది సుమారు 547లో యాంగ్ షువాన్‌జీ లుయోయాంగ్ మఠాల గురించి రాసిన పుస్తకంలో. ఆయన లెక్కలో బోధిధర్ముడు పారశీకుడు. దక్షిణ భారత రాజు మూడో కొడుకని చెప్పింది తాన్‌లిన్ అనే మరో రచయిత. ఇద్దరూ ముష్టియుద్ధం ఊసెత్తలేదు. ఆయన పేర చలామణీ అయ్యే వ్యాయామ గ్రంథం 'యీజిన్ జింగ్'కు 628 నాటిదని చెప్పుకునే ముందుమాట ఒకటి ఉంది. అందులో సేనాని లీ జింగ్ ఈ గ్రంథం తనకు గుబురు గడ్డపు వీరుడి ద్వారా అందిందంటాడు. ఆ వీరుడు అంతకు చాలా కాలం తర్వాత అల్లిన ఒక కథలోని పాత్ర! పుస్తకం 17వ శతాబ్దం నాటిదని పరిశోధకుల అంచనా. ఈ గుట్టంతా తెలుసుకోవాలంటే మెయిర్ షహర్ 2008లో ప్రచురించిన 'ది షావోలిన్ మొనాస్టరీ' చదవాలి. ఈ అంశం మీద నేను మొదట సిఫారసు చేసే పుస్తకం అదే.

తైచీ విషయంలో బోధిధర్ముడి స్థానంలో ఝాంగ్ సాన్‌ఫెంగ్ అనే తావో సిద్ధుడు ఉంటాడు. యుద్ధవిద్యలను లోపలివి, బయటివి అని విడదీసిన తొలి రచనల్లో ముఖ్యమైనది 1669లో హువాంగ్ జోంగ్‌షీ రాసిన ఒక సమాధి లేఖనం. అందులో ఝాంగ్ పేరు ఉంది, తైచీ పేరు లేదు. 1930లలో తాంగ్ హావ్ అనే పరిశోధకుడు చెన్ కుటుంబం గ్రామానికి స్వయంగా వెళ్ళి, తైచీ 17వ శతాబ్దపు చెన్ వాంగ్‌టింగ్ దగ్గర మొదలైందని తేల్చాడు. ఆ తీర్పు మీద ఇప్పటికీ వాదం నడుస్తూనే ఉంది. ఈ వాదాన్ని దాచకుండా పాత పాఠాలను పక్కపక్కన పెట్టి చూపే పుస్తకం డగ్లస్ వైల్ 1996లో తెచ్చిన 'లాస్ట్ తైచీ క్లాసిక్స్'. తైచీ, షింగ్‌యీ, బాగ్వా అనే చైనా యుద్ధవిద్యలు మూడూ ఒకే కుదురువని ఈనాడు మనం అనుకోవడంలో సున్ లుతాంగ్ రచనల పాత్ర పెద్దది. వాటిలో మొదటిది, షింగ్‌యీ మీదిది, 1915లో వచ్చింది.

సాధన పుస్తకాలకు వేరే పరీక్ష ఉంది. తైచీలోని యాంగ్ పద్ధతిలో 'ఒంటి కొరడా' అనే భంగిమ పేజీ తెరవండి. కుడిచేతి వేళ్ళు కొక్కెంలా కిందికి వంగి ఉంటాయి, ఎడమ అరచేయి ముందుకు తెరుచుకుని ఉంటుంది, ఎడమకాలు ముందు మడిచి ఉంటుంది. ఫొటో చూపేది ఇంతే. బరువు ఏ కాలి మీదినుంచి ఏ కాలి మీదికి ఎప్పుడు మారింది, వెనక పాదం ఎంత తిరిగింది, ముందు మోకాలు కాలివేళ్ళను దాటకూడదా అన్నవి పక్కన రాసి ఉండాలి. అవి లేని పుస్తకం ఆల్బమ్‌గా తప్ప పనికిరాదు. ఎదుటివాడి బలాన్ని చేతి స్పర్శతో పసిగట్టే తుయ్‌షౌ సాధనను మాత్రం ఎంత మంచి పుస్తకమూ నేర్పలేదు. మన తాలీంలలో కుస్తీ పట్లు కూడా ఇలాగే ఒంటి నుంచి ఒంటికే అందాయి.

ఆరోగ్యం విషయంలో అంకెలు చూడాలి. 2012లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ప్రయోగంలో 195 మంది పార్కిన్సన్ రోగులు వేర్వేరు జట్లుగా వారానికి రెండుసార్లు, గంట చొప్పున, 24 వారాలు సాధన చేశారు. తైచీ చేసినవారికి నిలకడ మెరుగైంది. ఒళ్ళు సాగదీసే వ్యాయామం చేసినవారి కంటే వీళ్ళు తక్కువసార్లు పడిపోయారు. బరువులతో కండ బలం పెంచే వ్యాయామం చేసినవారితో పోలిస్తే మాత్రం పడిపోవడంలో తేడా తేలలేదు. ఈ చివరి వాక్యాన్ని వదిలేసే పుస్తకాలు చాలా ఉంటాయి. 60 ఏళ్ళు దాటి ఇళ్ళలో ఉంటున్నవారి మీద 2019లో కోక్రేన్ సంస్థ చేసిన సమీక్ష ప్రకారం, తైచీ వల్ల పడిపోయేవారి సంఖ్య దాదాపు 20 శాతం తగ్గింది. దీనికి గట్టి ఆధారం ఉంది. ఎన్నిసార్లు పడతారన్న లెక్కలో కనిపించిన 19 శాతం తగ్గుదలకు మాత్రం ఆధారం బలహీనం. ఇంట్లో పెద్దవాళ్ళు జారిపడతారేమోనని భయపడేవారికి ఇది చిన్న విషయం కాదు. షుగరు, కేన్సరు నయమవుతాయని రాసిన పుస్తకాన్ని మాత్రం అక్కడే పెట్టేయండి. ఎక్కడ ఆధారం చాలడం లేదో కూడా చెప్పే పుస్తకంగా హార్వర్డ్ వైద్య పాఠశాల పేరుతో పీటర్ వేన్ 2013లో తెచ్చిన గైడు నమ్మదగినది.

వెతకడంలో ఒక చిక్కుంది. డ్యూయీ పద్ధతి పాటించే గ్రంథాలయాల్లో తైచీ పుస్తకాలు రెండు చోట్లకు చెదిరిపోతాయి. వ్యాయామంగా భావించినవి యోగా పుస్తకాలకు దగ్గరలో 613.7148 కింద, యుద్ధవిద్యగా భావించినవి క్రీడల్లో 796.8155 కింద ఉంటాయి. ఒక్క బీరువా చూసి లేవనుకోకూడదు. లోతైన పుస్తకాలు ఎక్కువగా ఇంగ్లీషులోనే ఉన్నాయి, ధరలూ ఎక్కువే. అందుకని జిల్లా గ్రంథాలయంలో కొనుగోలుకు సూచించేటప్పుడు షహర్, వేన్ రెండూ కలిపి అడగడం మేలు. సొంతంగా ఒక్కటే కొనగలిగితే, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవారి కోసమైతే వేన్ కొనండి. కరాటే నేర్చుకుంటూ బోధిధర్ముడి గురించి అడిగే పిల్లవాడి కోసమైతే షహర్ కొని, కష్టమైన పేజీలు పక్కన కూర్చుని చదివి వినిపించండి.