పంప్ యాక్షన్ తుపాకీ: కంపెనీ పేరు కన్నా సేఫ్టీ మీటే ముఖ్యం

అమెరికాలో ప్రాచుర్యం పొందిన రకాల మధ్య తేడాలు
వీసాపై ఉన్న తెలుగువారు విస్మరించరాని నిబంధనలు

తుపాకీ అనగానే జిల్లా ప్రజలకు బ్యాంకు గుమ్మం వద్ద విశ్రాంత సైనికుని చేతిలో కనిపించే 12 బోరు తుపాకీ స్ఫురిస్తుంది. గొట్టాన్ని మధ్యకు మడిచి, వెనుక నుంచి తూటా అమర్చి, తిరిగి మూసే పాత పద్ధతి దానిది. అదే 12 బోరులో అమెరికా గృహస్థులు, వేటగాళ్లు, పోలీసులు తరతరాలుగా వాడుతున్నది పంప్ యాక్షన్ తుపాకీ. ఉన్నత చదువులకు, ఉద్యోగాలకు ఆ దేశం వెళ్లిన తెలుగువారిలోనూ కొందరు ఆత్మరక్షణకో, వేట సరదాకో తుపాకీ వైపు మొగ్గుతున్నారు. తెలంగాణకు చెందిన ఓ విద్యార్థి 2024లో అక్కడ తన వేట తుపాకీని శుభ్రం చేస్తుండగా అది పేలి మరణించిన ఉదంతం ఇక్కడి తల్లిదండ్రులను కలవరపరచింది. ఈ నేపథ్యంలో ఏ కంపెనీ తుపాకీ మేలన్న ప్రశ్నతో పాటు, దానిని ఉంచుకునే అర్హత ఎవరికి ఉంది, ప్రమాదం లేకుండా వాడడం ఎలా అన్నవి కూడా తెలుసుకోవలసిన అవసరం ఏర్పడింది.

పనిచేసే తీరు ఇదీ

ఈ తుపాకీలో ప్రధాన గొట్టం కింద మరో గొట్టం ఉంటుంది. తూటాలు అందులో ఒకదాని వెనుక ఒకటి బారులు తీరి ఉంటాయి. గొట్టం కింద చేతితో పట్టుకునే ముందరి పిడిని వెనక్కి లాగితే పేలిన తూటా డొల్ల బయటపడుతుంది. ముందుకు నెట్టితే కొత్త తూటా పేలుడు గదిలోకి చేరుతుంది. సైకిల్ పంపు కొట్టడాన్ని తలపించే ఈ కదలికే దాని పేరుకు మూలం.

ఒక పౌను సీసంతో 12 సమానమైన గుండ్లు పోస్తే, అందులో ఒక గుండు వ్యాసమే 12 బోరు గొట్టం వ్యాసం. అది సుమారు 18.5 మిల్లీమీటర్లు. 20 బోరు అంతకన్నా సన్ననిది. దాని వ్యాసం సుమారు 15.6 మిల్లీమీటర్లు. పేలినపుడు భుజానికి తగిలే తన్ను 20 బోరులో తక్కువ. అందువల్ల తేలికపాటి శరీరం గలవారికి, కొత్తగా నేర్చుకునేవారికి అదే అనువైనది.

జాన్ బ్రౌనింగ్ రూపకల్పన చేసిన వించెస్టర్ 1897 నమూనాతో ఈ తరహా తుపాకీకి విశేష ప్రాచుర్యం లభించింది. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికులు కందకాలలో దానిని ప్రయోగించగా, 1918లో జర్మనీ అధికారికంగా అభ్యంతరం తెలిపింది.

రెమింగ్టన్ 870

1816లో ప్రారంభమైన రెమింగ్టన్ సంస్థ 1950లో 870 నమూనాను విపణిలోకి తెచ్చింది. ఇప్పటివరకు కోటికి పైగా అమ్ముడయ్యాయి. యంత్ర భాగాలను కప్పి ఉంచే పెట్టె, అంటే రిసీవర్, ఉక్కుతో తయారవుతుంది. అందువల్ల తుపాకీ కాస్త బరువనిపించినా, ఆ బరువు భుజానికి తగిలే తన్నును కొంత తగ్గిస్తుంది. సేఫ్టీ మీట ట్రిగ్గర్ వెనుక అడ్డంగా ఉంటుంది. కుడి నుంచి ఎడమకు నొక్కితే ఎర్రని వలయం బయటకు కనిపిస్తుంది. ఎరుపు కనిపించిందంటే తుపాకీ పేలుటకు సిద్ధంగా ఉన్నట్లే. కుడిచేతి వాటం వారికి ఈ అమరిక సౌకర్యం.

సంస్థ మాత్రం ఒడిదుడుకులకు లోనైంది. 2018లో, మళ్లీ 2020లో దివాలా రక్షణ కోరింది. ఆస్తులు వేర్వేరు సంస్థల పరమయ్యాయి. న్యూయార్క్ రాష్ట్రంలోని ఇలియన్ పట్టణంలో ఉన్న చారిత్రక కర్మాగారం 2024 మార్చిలో మూతపడింది. పాత తుపాకీ కొనేవారు అది ఏ కాలంలో తయారైనదో, తుప్పు పట్టిందో లేదో విధిగా పరిశీలించాలి. కోటికి పైగా అమ్ముడైన నమూనా కావడంతో విడిభాగాలు, మరమ్మతు తెలిసినవారు దొరకడం మాత్రం సులువే.

మాస్‌బర్గ్ 500

1919లో స్థాపితమైన మాస్‌బర్గ్ సంస్థ 1960ల ఆరంభంలో 500 నమూనాను తెచ్చింది. 2013 నాటికి ఇదీ కోటి మైలురాయిని దాటింది. దీని రిసీవర్ అల్యూమినియం మిశ్రమ లోహంతో తయారవుతుంది కనుక మోయడానికి తేలిక. డొల్లను లాగే కొక్కేలు రెండు ఉంటాయి, 870లో ఒకటే. ఇదే కుటుంబానికి చెందిన 590ఎ1 రకాన్ని అమెరికా సైన్యం వాడుతోంది.

సేఫ్టీ మీట రిసీవర్ వెనుక పైభాగాన, బొటనవేలికి అందేలా ఉండడం దీని ప్రత్యేకత. ముందుకు జరిపితే ఎర్రని చుక్క కనిపిస్తుంది. తుపాకీ ఏ స్థితిలో ఉన్నదో పైనుంచి చూస్తేనే తెలిసిపోతుంది. ఎడమచేతి వాటం వారికీ సమానంగా అందుతుంది. అయితే మామూలు మడమకు బదులు పిస్తోలు తరహా పిడి బిగిస్తే బొటనవేలు ఆ మీటను చేరడం కష్టమవుతుంది.

ఇదే సంస్థ తక్కువ ధరకు అమ్మే మావెరిక్ 88 నమూనాలో సేఫ్టీ మీట ట్రిగ్గర్ వద్దే అడ్డంగా ఉండడం గమనార్హం. ఒకే సంస్థకు చెందిన రెండు తుపాకుల్లో మీట స్థానం వేరైనపుడు, ఒకదానికి అలవాటుపడిన చేయి రెండో దానిపై తడబడుతుంది. పేరు చూసి కొనరాదనడానికి ఇదే నిదర్శనం.

ఇతర రకాలు

1937 నాటి ఇథాకా 37 నమూనాలో తూటా నింపేదీ, డొల్ల పడేదీ కింది వైపు నుంచే. పక్క నుంచి డొల్లలు ఎగిరి ముఖం మీదకు రావు కనుక ఎడమచేతి వాటం వారు దీనిని ఇష్టపడతారు. వించెస్టర్ పేరుతో ప్రస్తుతం లభిస్తున్న ఎస్ఎక్స్‌పీ టర్కీలో తయారవుతోంది. ఇటలీకి చెందిన బెనెల్లీ నోవాలో మడమ, రిసీవర్ ఒకే పాలిమర్ అచ్చుగా ఉంటాయి. వర్షానికి, బురదకు తట్టుకుంటుంది గానీ, చెక్క మడమను కోసినట్లు పొడవు తగ్గించుకునే వీలు లేదు.

కొనే ముందు చూడవలసినవి

పేరొందిన ఈ తుపాకులన్నీ పనితనంలో ఒకదానికొకటి తీసిపోవు. కనుక ఎంపిక వాడే మనిషిని బట్టి ఉండాలి. మొదటిది కొలత. మడమను మోచేతి వంపులో ఆనిస్తే చూపుడు వేలు సుఖంగా ట్రిగ్గర్‌ను చేరాలి. మడమ పొడవైతే తన్ను భుజానికి గాక చేతికి తగులుతుంది. రెండోది సేఫ్టీ మీట. కళ్లు మూసుకున్నా వేలు దానిపైకి వెళ్లేలా ఉండాలి. మూడోది లాగుడు. ముందరి పిడిని సగం లాగి వదిలేస్తే డొల్ల ఇరుక్కుని తుపాకీ మొరాయిస్తుంది. ఇది తుపాకీ లోపం కాదు, అభ్యాస లోపం. శిక్షకుని పర్యవేక్షణలో ఉత్తుత్తి తూటాలతో సాధన చేయడమే మార్గం.

తూటా పొడవు కూడా ముఖ్యమే. ఏ పొడవు తూటా వాడాలో గొట్టంపై చెక్కి ఉంటుంది. అంతకు మించిన పొడవు తూటా వాడరాదు. 20 బోరు తూటా పొరపాటున 12 బోరు తుపాకీలో పడితే జారి గొట్టంలో ఇరుక్కుంటుంది. దాని వెనుక 12 బోరు తూటా పేల్చితే గొట్టం పగిలి ప్రాణం మీదకు వస్తుంది. ఈ పొరపాటును నివారించేందుకే అమెరికాలో 20 బోరు తూటాలకు పసుపు రంగు వేస్తారు. రెండు బోరుల తూటాలను ఒకే సంచిలో ఉంచరాదు.

శుభ్రపరిచే వేళ జాగ్రత్త

సేఫ్టీ మీట సాధారణంగా ట్రిగ్గర్‌ను మాత్రమే అడ్డుకుంటుంది. దానిని నమ్మి తూటా ఉన్న తుపాకీని కింద పడవేయడం, గోడకు ఆనించడం ప్రమాదకరం. శుభ్రం చేసేముందు గొట్టాన్ని మనుషులు లేని దిక్కుకు తిప్పి, ట్రిగ్గర్‌పై వేలు తీసివేయాలి. కింది గొట్టంలోని తూటాలన్నీ బయటకు తీయాలి. పిడిని పూర్తిగా వెనక్కి లాగి పేలుడు గదిని కంటితో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకోవాలి. గది ఖాళీగా కనిపించినా కింది గొట్టంలో ఒక్క తూటా మిగిలితే చాలు, పిడిని ముందుకు నెట్టిన మరుక్షణం అది గదిలోకి చేరుతుంది. పంప్ యాక్షన్‌లో పొంచి ఉన్న అసలు ప్రమాదం ఇదే. తీసిన తూటాలను మరో గదిలో ఉంచిన పిమ్మటే గుడ్డ, నూనె చేతపట్టాలి. తుపాకీని తాళం వేసిన పెట్టెలో, తూటాలను వేరుగా భద్రపరచాలి.

వీసాదారులకు హెచ్చరిక

అమెరికా సమాఖ్య చట్టం ప్రకారం ఎఫ్-1, హెచ్-1బి వంటి తాత్కాలిక వీసాలపై ఉన్నవారు తుపాకీ గానీ తూటాలు గానీ కొనడం, కలిగి ఉండడం నిషిద్ధం. ఏదైనా రాష్ట్రం జారీ చేసిన, గడువు తీరని వేట లైసెన్సు ఉండడం వంటి కొన్ని మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. మిత్రుని తుపాకీని తన గదిలో ఉంచుకున్నా నేరమే. 2022లో చేసిన సవరణతో గరిష్ఠ శిక్ష 15 ఏళ్ల జైలుకు పెరిగింది. శిక్ష అనుభవించాక దేశ బహిష్కరణ ముప్పు కూడా పొంచి ఉంటుంది.

గ్రీన్‌కార్డు గలవారికి ఈ నిషేధం లేదు. దుకాణంలో దరఖాస్తు నింపి, నేర చరిత్ర తనిఖీలో నెగ్గాలి. ఈ తరహా పొడవు తుపాకీకి సమాఖ్య చట్టం ప్రకారం కనీసం 18 ఏళ్ల వయసుండాలి. న్యూజెర్సీ, ఇల్లినాయిస్ వంటి రాష్ట్రాలలో తుపాకీదారు గుర్తింపు కార్డు అదనంగా అవసరం. సమాఖ్య అనుమతి లేకుండా గొట్టాన్ని 18 అంగుళాల కన్నా పొట్టిగా కోయడం మరో తీవ్ర నేరం.

మన దేశంలో పరిస్థితి

భారతదేశంలో 1959 ఆయుధాల చట్టం, 2016 నిబంధనల మేరకు లైసెన్సు లేనిదే తుపాకీ తాకరాదు. 2019 సవరణతో ఒక వ్యక్తి కలిగి ఉండదగిన తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి. లైసెన్సు కాలపరిమితి మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది. వేడుకల్లో గాలిలోకి కాల్పులు జరిపితే రెండేళ్ల వరకు జైలు గానీ, లక్ష రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ విధించవచ్చు. 1980ల నుంచి సామాన్య లైసెన్సుదారులకు విదేశీ తుపాకుల దిగుమతి నిలిచిపోయింది. అందువల్ల రెమింగ్టన్, మాస్‌బర్గ్‌ల మధ్య ఎంపిక ఇక్కడివారికి ఆచరణలో లేనట్లే. ప్రభుత్వ ఆయుధ కర్మాగారాల 12 బోరు పంప్ యాక్షన్ తుపాకీ, ఖడ్కీ కర్మాగారంలో తయారయ్యే శక్తిమాన్ తూటాలు ఇక్కడ వాడుకలో ఉన్నాయి. పాత తుపాకుల్లో 65 మిల్లీమీటర్ల తూటా గది గలవి ఉన్నందున 70 మిల్లీమీటర్ల తూటా వాడేముందు సరిచూసుకోవాలి. అడవి పందులు పంటను పాడుచేస్తున్నా, అనుమతి లేకుండా కాల్చడం వన్యప్రాణి సంరక్షణ చట్టరీత్యా నేరం.

అమెరికాలోని బిడ్డ తుపాకీ కొంటానన్నపుడు తల్లిదండ్రులు ఏ కంపెనీదని ఆరా తీయడం కన్నా మూడు ప్రశ్నలు అడగడం మేలు. వీసా ప్రకారం అర్హత ఉందా? సేఫ్టీ మీట ఎక్కడుందో చూడకుండా చెప్పగలడా? తూటాలు ఏ గదిలో ఉంచుతాడు? ఈ మూడింటిలో ఏ ఒక్కదానికి సమాధానం తడబడినా కొనుగోలు మానుకోవడమే శ్రేయస్కరం.