ఐదు పైసల తీపి

మన మిఠాయిల వారసత్వాన్ని గురించి వ్రాసేవారెవరైనా తిరుపతి లడ్డును, తాపేశ్వరం కాజాను, ఆత్రేయపురం పూతరేకును తలవక మానరు. వాటికి ఊరి పేరు ఉంది. లడ్డుకు, పూతరేకుకు చట్టబద్ధమైన భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. అయితే మన తల్లిదండ్రుల బాల్యంలో దినదినమూ నోరు తీపి చేసినవి అవి కావు. జీళ్ళు, నిమ్మతొనలు, పిప్పరమెంటు బిళ్ళలు, పంచదార చిలకలు – వీటికి ఊరూ లేదు, వండినవాని పేరూ లేదు. చవుకైన వస్తువును ఎవరూ గ్రంథస్థం చేయరు. అందుచేత అదే ముందుగా మరుగున పడుతుంది. ఇక్కడ పుట్టి తెలుగు నేర్చుకొంటున్న మన పిల్లలకు వీటి కథ కొంతైనా చెప్పవలసి ఉంది.

వీటిలో మొదట చెప్పుకోవలసినది జీడి. జీడిపప్పుతో దీనికి సంబంధం లేదు. గోదావరి ప్రాంతంలో తీర్థమనీ, గుంటూరు వైపు తిరునాళ్ళనీ, తెలంగాణలో జాతర అనీ పిలిచే దేవుని ఉత్సవాలలో ఈ బెల్లపు మిఠాయి గుట్టలుగా పోసి అమ్మేవారు. దానిని చేసే తీరు చూడ ముచ్చటగా ఉండేది. బెల్లపు పాకాన్ని బాగా ముదరకాచి, నూనె రాసిన పళ్ళెంలో పోసి, చేయి ఓర్చుకోగలిగిన వేడికి దిగగానే ముద్దచేస్తారు. గుంజకు కొట్టిన మేకుకు ఆ ముద్దను తగిలించి, బారెడు పొడవున లాగి, మడిచి, మళ్ళీ తగిలించి లాగుతారు. మడత మడతకూ పాకంలో గాలి చిక్కుకొంటుంది. చిక్కుకొన్న కొద్దీ ముదురు గోధుమ రంగు వెలిసి బంగారు వన్నెకు, ఆపైన ఇంచుమించు తెలుపునకు తిరుగుతుంది. ఆలస్యం చేస్తే గట్టిపడి విరిగిపోతుంది. తొందరపడితే చేయి కాలుతుంది. చివరకు త్రాడులా పేని, ముక్కలుగా కత్తిరించి, కొన్నింటిని నువ్వులలో దొర్లిస్తారు. అమెరికా సముద్రతీరపు దుకాణాలలో అద్దం వెనుక ఇనుపచేతులు టాఫీని లాగుతూ ఉండగా మన పిల్లలు కళ్ళప్పగించి చూస్తారు కదా, ఆ పని ఇదే. మనవారు గుంజతోనూ మేకుతోనూ చేసేవారు.

జీడిని ఎన్నడూ రుచి చూడనివారు కూడా దాని పేరును నేటికీ వాడుతున్నారు. ఏళ్ళతరబడి తెమలని టీవీ ధారావాహికను చూసి, ‘జీడిపాకంలా సాగదీస్తున్నారు’ అని విసుక్కోని ఇల్లు లేదు. తినడం తగ్గినా తిట్టడానికి మిగిలింది!

ఈ తీపిని కొన్నది చిల్లర డబ్బుతో. 1957 ఏప్రిల్ 1న భారతదేశంలో దశాంశ నాణేలు వచ్చేవరకు రూపాయికి పదహారు అణాలు. ఆ తరువాత రూపాయికి నూరు నయా పైసలు. మన తరం వారికి ఐదు పైసలన్నా పది పైసలన్నా లోహం కంటె ముందు బిళ్ళ తలపునకు వస్తుంది. చేతిలో డబ్బు లేకపోయినా దారి లేకపోలేదు. ఖాళీ సీసాలు, పాత ఇనుము, చిల్లులు పడిన గిన్నెలు తీసుకొని మిఠాయి ఇచ్చే బండ్లు వీధిలోకి వచ్చేవి. ఆ గంట వినబడగానే చిల్లు పడని చెంబులు సైతం పెరటి దారిన మాయమైన ఇండ్లు ఉన్నాయి. 2011 జూన్ 30తో పావలాలను, అంతకంటె చిన్న నాణేలను చెలామణి నుండి తొలగించారు. అప్పటికే అవి అంగళ్ళలో కనబడటం మానివేసి చాలాకాలమైంది. చిల్లర లేదంటూ అంగడివాడు రెండు చాక్లెట్లు చేతిలో పెట్టే అలవాటు ప్రబలింది. నాణెంతో బిళ్ళ కొన్నవాళ్ళం, బిళ్ళనే నాణెంగా పుచ్చుకొన్నాము.

చాక్లెట్ అన్నామే గాని, తెలుగునాట ఆ మాట కోకోతో చేసినదానికే పరిమితం కాదు. కాగితం చుట్టిన ప్రతి బిళ్ళా చాక్లెట్టే. అలా కాగితం చుట్టి ఊరూరికీ చేరినవాటిలో మన గడ్డమీద తయారైనవీ ఉన్నాయి. 1952లో చిత్తూరులో నెలకొన్న న్యూట్రిన్ సంస్థ వారి మహా లాక్టో ఎందరికో గుర్తుండే ఉంటుంది. ఆ సంస్థను 2006లో గోద్రెజ్ వారు కొన్నారు. మరుసటి సంవత్సరమే పెన్సిల్వేనియాకు చెందిన హెర్షీ వారు గోద్రెజ్ వారి ఆ వ్యాపారంలో ప్రధాన భాగస్వాములయ్యారు. చిత్తూరు బిళ్ళ మనకంటె వేరే దారిన అమెరికా గడప త్రొక్కింది.

ఇక హాలోవీన్ రాత్రి పిల్లలు సంచి నింపుకొని తెచ్చే క్యాండీ సంగతి. ఆ మాట పూర్వీకులది మన దేశమే. కౌటిల్యుని అర్థశాస్త్రంలో కోష్ఠాగారాన్ని గురించిన అధ్యాయం చెరకు నుండి వచ్చే తీపి పదార్థాలను ఫాణితం, గుడం, మత్స్యండిక, ఖండం, శర్కర అని పేర్కొంటుంది. ఈ ఖండమే పారసీకంలో కంద్ అయి, అరబ్బీలో కందీ అయి, ఐరోపా భాషల మీదుగా ఇంగ్లీషులో క్యాండీ అయింది. శర్కర మనకు చక్కెర అయింది, అరబ్బుల నోట సుక్కర్ అయింది, ఇంగ్లీషువారి నోట షుగర్ అయింది.

మాట వెళ్ళిన చాలాకాలానికి మనుషులూ వెళ్ళారు; ఆ ప్రయాణంలో తీపి తక్కువ. 1833లో బ్రిటిషు పార్లమెంటు బానిసత్వాన్ని రద్దు చేస్తూ చట్టం చేసింది. చెరకు తోటలకు కూలీలు కరవయ్యారు. ఆ లోటు తీర్చడానికి ఒప్పందపు కూలీలుగా ఓడలెక్కినవారిలో తెలుగువారూ ఉన్నారు. గోదావరి ముఖద్వారాన ఉన్న కోరంగి రేవు పేరు మీద మారిషస్‌లో మనవారికి కోరంగీలనే పేరు పడింది. 1860 నవంబరు 16న మద్రాసు నుండి డర్బన్ చేరిన తొలి ఓడ ట్రూరోలో వచ్చినవారు వెళ్ళింది నేటాల్ చెరకు తోటలకే. ఈ కూలీల సేకరణ 1917లో గాని ఆగలేదు. విమానాలలో వచ్చిన మనం చిన్ననాటి తీపిని తలచుకొనే వేళ, ఓడలలో వెళ్ళి ఆ తీపిని నరికి మోసిన తెలుగువారిని మరచిపోవడం మాకు న్యాయంగా తోచదు.

పాత తీపి పూర్తిగా పోలేదు. తెలంగాణలో హోలీకి పిల్లల మెడలో వేసే చక్కెర పేర్లు నేటికీ అంగళ్ళకు వస్తున్నాయి. మెడలో ఉండగానే ఒక్కొక్క బిళ్ళా కొరికేస్తారు. సారెలో పంచదార చిలకలు పెట్టే కుటుంబాలూ ఉన్నాయి. ఈ చిలకలను చేయడం జీడి కంటె సులభం. ముదిరిన పాకాన్ని చెక్క అచ్చులో పోసి, ఆరిన తరువాత విప్పడమే. అటువంటి అచ్చు మీ తాతగారింటి అటక మీద ఉందేమో, ఈ వేసవిలో వెళ్ళినప్పుడు దింపించి చూడండి. చిలక ముక్కు అరిగిపోయినా ఫరవాలేదు, పాకం పట్టుకొంటుంది.