మరమేకు - పెద్దల బెజ్జము

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల తాలూకాలలోని మన పూర్వులు కొయ్యచీల దిగగొట్టుటకు ముందు బరమాతో బెజ్జము వేసెడివారు. మరమేకు పాశ్చాత్యుల సొత్తు. 1760లో ఇంగ్లండునందు వయాట్ సోదరులు దానిని యంత్రముతో చేయు విధానమునకు పేటెంటు పొందిరి. నాడు దాని మొన మొద్దు; బెజ్జము లేక దిగదు. 1846లో అమెరికాలో స్లోన్ వాడిమొన మేకునకు పేటెంటు పొందెను. ఆ మొనను నమ్మి బెజ్జము మానుటయే నేటి యనర్థమునకు మూలము.

తుమ్మవంటి గట్టి కొయ్యలో రాపిడి హెచ్చి, మెలి కోర్వలేక మేకు తెగును. కావున మరచుట్లు విడిచి నడిమి కాండమంత బెజ్జము వేసి, మేకునకు మైనము పూయవలెను. ఇత్తడిమేకు మెత్తన, ముందుగా అదే కొలత ఉక్కుమేకుతో త్రోవచేసి, దానిని తీసి యిత్తడిది బిగింపవలెను. మేకు విఱిగినచో పనివాని పేరును విఱుగును. పెద్దల బెజ్జమును మఱవవలదని మేము ప్రార్థించుచున్నాము.