భరోసా ఎక్కడ మొదలవుతుంది?

1991 నవంబరు ఉపఎన్నికలో ప్రధాని పి.వి. నరసింహారావును నంద్యాల 5 లక్షల 80 వేల పైచిలుకు మెజారిటీతో గెలిపించింది. తెలుగుబిడ్డ అని తెలుగుదేశం పోటీకే దిగలేదు. నంద్యాల, ఆళ్లగడ్డ మొహల్లాల ఓట్లూ ఆ మెజారిటీలో ఉన్నాయి. 1992 డిసెంబరు 6న బాబ్రీ మసీదును కూల్చారు. ఢిల్లీ గద్దె మీద ఉన్నది మన ఎంపీయే. నిలదీద్దామంటే మన ఓటు ఏడాది కిందటే పెట్టెలో పడిపోయింది.

ఆ ప్రభుత్వ హయాంలోనే 73, 74 రాజ్యాంగ సవరణలు 1993లో అమల్లోకొచ్చాయి. పంచాయతీలకు, మునిసిపాలిటీలకు ఐదేళ్లకోసారి ఎన్నికలు జరగాల్సిందే. 2009 నుంచి డోన్ కూడా నంద్యాల లోక్‌సభలోదే. ఎంపీ అందడు; వార్డు కౌన్సిలరు వీధిలో ఎదురుపడతాడు. ఖబరస్తాన్ గోడ గురించి, ఉర్దూ బడి గురించి అతణ్ణి అడగలేని మనం ఢిల్లీని ఏమడుగుతాం? భరోసా ఎవరో ఇచ్చేది కాదు, మన గల్లీలో మనం అడిగి రాబట్టుకునేది.