సాలార్‌జంగ్ మ్యూజియం: చూడవచ్చేవారు, మళ్ళీ వచ్చేవారు

హైదరాబాదులో మూసీనది దక్షిణపు ఒడ్డున ఉన్న సాలార్‌జంగ్ మ్యూజియంలో గంటగంటకూ ఒక దృశ్యం కనబడుతుంది. గంట కొట్టే వేళకు ముందే పిల్లలూ పెద్దలూ ఒక గడియారం ముందు గుమిగూడతారు. అందులోని బొమ్మ మనిషి బయటికి వచ్చి, ఎన్ని గంటలైతే అన్ని దెబ్బలు కొట్టి లోపలికి పోతాడు. వెంటనే జనం చెదరిపోతారు. జనాన్ని రప్పించడం వేరు, వచ్చినవారిని నిలుపుకోవడం వేరు అనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు.

ఈ సేకరణలో అధికభాగం మూడవ సాలార్‌జంగ్ నవాబ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ (1889-1949) కృషిఫలం. ఆయన 1912లో ఏడవ నిజాముకు దివాన్ అయి, 1914లో పదవిని విడిచారు. తదుపరి జీవితమంతా కళాఖండాలను, గ్రంథాలను కూడబెట్టడంలోనే గడిపారు. అవివాహితులైన ఆయన 1949 మార్చి 2న మరణించగా, ఆ సంపద చెల్లాచెదరయ్యే ప్రమాదం ఏర్పడింది. ప్రభుత్వం పూనుకొని, నవాబు నివాసమైన దివాన్ దేవిడీలోనే దానిని ప్రదర్శనకు పెట్టింది. 1951 డిసెంబరు 16న ప్రధాని నెహ్రూ ప్రారంభోత్సవం చేశారు. 1961లో పార్లమెంటు చట్టం దీనిని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా గుర్తించింది. 1968లో మ్యూజియం నేటి భవనంలోకి మారింది. ఈ విధంగా ఒక ప్రభువు ఇంటి సొత్తు ప్రజల సొత్తయింది.

నాటినుండి జనాకర్షణకు కొదవలేదు. గడియారం సరే, ఇటలీ శిల్పి బెంజోని మలచిన మేలిముసుగు రెబెకా విగ్రహం కూడా అందరినీ ఆకట్టుకుంటుంది. దానిని మొదటి సాలార్‌జంగ్ 1876లో రోము నగరంలో కొన్నారు. అయితే ఆశ్చర్యం ఒకటి రెండు దర్శనాలతో తీరిపోతుంది. తీరనిది పరిచయం.

ఆ పరిచయానికి తగిన నిధి అక్కడే ఉన్నది. అరబీ, ఫార్సీ, ఉర్దూ వ్రాతప్రతులు వేలసంఖ్యలో ఉన్నాయి. బాగ్దాదుకు చెందిన సుప్రసిద్ధ లేఖకుడు యాఖూత్ ముస్తఅసిమీ నస్ఖ్ లిపిలో వ్రాసినదిగా చెప్పబడే దివ్య ఖుర్ఆన్ ప్రతి వాటిలో ఒకటి. లిపి తెలియనివారికి అది బంగారు రంగుల అలంకారం మాత్రమే. ఒక్క ఆయత్‌ను గుర్తుపట్టగలిగినవాడు మాత్రం ఆ అద్దాల పెట్టె ముందు ఆగిపోతాడు. రెండవసారి వచ్చినపుడు తమ్ముణ్ణో కొడుకునో వెంటబెట్టుకొని వస్తాడు.

ఈ రహస్యం మన పూర్వులకు తెలియనిది కాదు. ఫాతిమీ ఖలీఫా అల్ హాకిమ్ 1005లో కైరోలో దారుల్ ఇల్మ్‌ను స్థాపించినప్పుడు గ్రంథాలను చూపించి ఊరుకోలేదు. వచ్చినవారికి కాగితం, కలం, సిరా ఉచితంగా సమకూర్చారు. కోరినది చదువుకోవచ్చు, ప్రతి వ్రాసుకోవచ్చు. చేతికి పని దొరికినచోటికి మనిషి మళ్ళీ వస్తాడు.

నేటి ప్రదర్శనశాలలకు ఇందులో పాఠం ఉన్నది. ప్రతి పుట పక్కన అది ఏ సూరాయో, ఏ లిపియో, ఎవరి దస్తూరియో తేటతెలుగులో నాలుగు మాటలు ఉండాలి. బడిపిల్లలచేత కలం పట్టించి ఒక్క అక్షరమైనా వ్రాయించాలి. బాధ్యత నిర్వాహకులది మాత్రమే కాదు. మద్రసాలో అక్షరం నేర్చినవారు తెలుగు బడిలో చదివే పిల్లలను ఆ ప్రతుల ముందుకు తీసుకుపోయి చదివి వినిపించాలి. లేనిచో తాతల దస్తూరీ ముందునుంచే మనుమలు గడియారం వైపు పరుగెత్తుతారు. అందులో తప్పు పిల్లలది కాదు.